ఆ సున్నాల లెక్క ఇదీ, కన్నా

కన్నా,

నీ మెసేజ్ చూశా. "పెద్దమ్మా, వాలెట్లో 0.00035 బిట్‌కాయిన్ అని చూపిస్తోంది, అంటే ఏమీ లేనట్టేనా" అని అడిగావు, దాని కిందే "షిబా ఇనూ కాయిన్ ఒక్కోటి సెంటులో వందో వంతు కూడా లేదు, ఒక్క డాలర్‌కి వెళ్తే చాలు మన పంట పండినట్టే" అని రాశావు. మొదటిదానికి నవ్వొచ్చింది కానీ రెండోది చదివి గుండె జారిపోయింది. ముప్పై ఏళ్లు అకౌంట్స్ రాసినదాన్ని, సున్నాల దగ్గర మనుషులు ఎలా బోల్తా పడతారో బాగా తెలుసు, నేనూ పడ్డా, అది తర్వాత చెప్తా.

ముందు నీ 0.00035 సంగతి. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు, అందరూ సాట్స్ అంటారు, దాన్ని తయారుచేసిన సతోషి నకమోటో పేరే పెట్టారు. కాబట్టి పాయింట్‌ని కుడికి ఎనిమిది స్థానాలు జరుపు, నీ దగ్గర 35,000 సాట్స్ ఉన్నాయి. అసలు ప్రోగ్రామ్ లోపల లెక్కంతా సాట్స్‌లోనే జరుగుతుంది, పాయింట్లూ గీయింట్లూ ఏమీ ఉండవు, ఆ పాయింట్ మనకి చూపించడానికి వాలెట్ పెట్టేదే. డాలర్‌కి ఎన్ని సాట్స్ అని చూడాలంటే 10 కోట్లని ఆ రోజు బిట్‌కాయిన్ ధరతో భాగించు, బిట్‌కాయిన్ లక్ష డాలర్లు అనుకుంటే డాలర్‌కి 1000 సాట్స్, 50 వేలైతే 2000, అంతే.

మిగతా కాయిన్లకీ ఇలాంటి చిల్లర ఉంది కానీ ఒక్కోదానికి ఒక్కో లెక్క. ఎక్స్‌ఆర్‌పీ అనే కాయిన్‌కి డ్రాప్స్, ఒకదానికి 10 లక్షలు. సొలానాకి లాంపోర్ట్స్, 100 కోట్లు. ఈథీరియం నెట్‌వర్క్ కాయిన్ ఈథర్‌కి వెయ్ అంటారు, ఒకటి పక్కన 18 సున్నాలు, అది నోరు తిరగదు కాబట్టి ఫీజులు గ్వెయ్‌లో చెప్తారు, ఒక ఈథర్‌కి 100 కోట్ల గ్వెయ్. మామూలుగా ఈథర్ పంపడానికి 21,000 గ్యాస్ (నెట్‌వర్క్ చేసే పనికి కొలత) పడుతుంది, గ్యాస్ రేటు 20 గ్వెయ్ ఉంటే 4,20,000 గ్వెయ్, అంటే 0.00042 ఈథర్. టోకెన్లలో, అంటే వేరే నెట్‌వర్క్ మీద నడిచే కాయిన్లలో, ఇంకో తిరకాసు, డాలర్ విలువకి కట్టిన యూఎస్‌డీటీకి ఈథీరియం మీద పాయింట్ తర్వాత ఆరు స్థానాలే, అందుకని ఎక్కడైనా లోపలి లెక్కలో 5000000 అని కనిపిస్తే అది 50 లక్షల డాలర్లు కాదు నాయనా, ఐదు.

ఇప్పుడు నాకు భయమేసిన దాని దగ్గరికొద్దాం. కాయిన్ ఒక్కోటి ఎంతకి దొరుకుతోంది అన్నది ఒక్కటే చూస్తే అది చవకో ఖరీదో ఎవరూ చెప్పలేరు, మొత్తం ఎన్ని కాయిన్లున్నాయో కూడా కావాలి. బిట్‌కాయిన్ ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలు దాటదు. షిబా ఇనూ మొదట్లో 1000 లక్షల కోట్లు పుట్టించారు, 2021లో ఈథీరియం సృష్టికర్తల్లో ఒకడైన విటాలిక్ బుటెరిన్ తన దగ్గరికొచ్చిన దాంట్లో చాలా భాగం కాల్చేశాక (అంటే ఎవరూ వాడలేని చోటికి పంపేశాక) కూడా మిగిలినవి సుమారు 589 లక్షల కోట్లు. ఒక్కోటి డాలర్ అవ్వాలంటే మొత్తం విలువ 589 లక్షల కోట్ల డాలర్లు, ప్రపంచంలో దేశాలన్నీ కలిపి ఏడాదంతా ఉత్పత్తి చేసేదానికి కొన్ని రెట్లు! నీ పంట పండటానికి భూగోళం సరిపోదు. ధరని చలామణీలో ఉన్న కాయిన్లతో గుణిస్తే వచ్చేది మార్కెట్ క్యాప్, పోల్చితే దాన్నే పోల్చు, ఇంకా విడుదల కాని కాయిన్లు ఎన్నున్నాయో కూడా చూడు, రేపు అవీ అమ్మకానికొస్తాయి.

కానీ ఆ మార్కెట్ క్యాప్‌ని కూడా డబ్బాలో దాచిన డబ్బు అనుకోకు, నేను దెబ్బతిన్నది అక్కడే. ధర ఎవరో కూర్చుని నిర్ణయించేది కాదు, కాయిన్లు కొని అమ్మే ఎక్స్‌ఛేంజ్‌లో చివరిగా జరిగిన కొనుగోలు ఎంతకో అదే స్క్రీన్ మీద పడుతుంది, వెబ్‌సైట్లేమో చాలా ఎక్స్‌ఛేంజ్‌ల ధరలు తీసుకుని ఎక్కడ ఎక్కువ వ్యాపారం జరిగిందో దానికి ఎక్కువ బరువిచ్చి సగటు చూపిస్తాయి. అప్పట్లో నేను 10 సెంట్లున్న ఒక చిన్న కాయిన్ 3000 కావాలని మార్కెట్ ఆర్డర్, అంటే ఎంత ధరకైనా వెంటనే కొనమనే ఆర్డర్, కొట్టేశా. అమ్మేవాళ్ల లిస్టులో 10 సెంట్లకి వెయ్యే ఉన్నాయి, తర్వాతి వెయ్యి 12 సెంట్లకి, ఆ తర్వాతి వెయ్యి 15కి. మొత్తం 370 డాలర్లు అయింది. స్క్రీన్ మీద ధర 15 సెంట్లైంది, ఆ కాయిన్లు మొత్తం 10 కోట్లు కాబట్టి నా 370 డాలర్లతో మార్కెట్ క్యాప్ 50 లక్షల డాలర్లు పెరిగిపోయింది! నా బ్యాలెన్స్ 450 అని చూపిస్తుంటే ఎంత మురిసిపోయానో, తీరా అమ్మబోతే కొనేవాళ్లు ఇచ్చే ధర 9 సెంట్ల నుంచి కిందికే ఉంది, 270 కూడా చేతికి రాలేదు. అందుకే మార్కెట్ ఆర్డర్ వద్దు, లిమిట్ ఆర్డర్ పెట్టు, అంటే ఏ ధరకో నువ్వే చెప్పు, పెట్టేముందు రెండు వైపులా ఎంత సరుకుందో చూడు.

ఇంకోటి, చిన్న కాయిన్ల ధర సాట్స్‌లో కూడా చూడు. బిట్‌కాయిన్ 50 వేలప్పుడు 2 డాలర్లున్న కాయిన్ అంటే 4000 సాట్స్, బిట్‌కాయిన్ లక్షైనప్పుడు అది 3 డాలర్లైతే 3000 సాట్సే. డాలర్లలో పెరిగింది, బిట్‌కాయిన్ పక్కన పెడితే తగ్గింది.

నీ 35,000 సాట్స్ ఊరికే అటూ ఇటూ పంపకు, బిట్‌కాయిన్‌లో ఫీజు పంపే మొత్తాన్ని బట్టి కాదు, లావాదేవీ సైజుని బట్టి పడుతుంది. మామూలు లావాదేవీ ఒక 140 వర్చువల్ బైట్లు (ఆ సైజుకి కొలత) ఉంటుంది, రేటు బైటుకి 10 సాట్స్ అయితే 1400 పోయినట్టే, రద్దీ రోజుల్లో 100 అయితే 14,000. ఇక ముందు ఏ కాయిన్ కొందామనుకున్నా దాని పేరు, చలామణీలో ఎన్నున్నాయో, మొత్తం ఎన్నో రాసి పంపు, ఇద్దరం గుణించి చూద్దాం, అప్పటిదాకా ఏ బటనూ నొక్కకు.

పెద్దమ్మ