1942 బర్మా కాందిశీకుల మీద నవల రాసేటప్పుడు ఎక్కడ పట్టు తప్పుతుంది?

మీ ప్రశ్న ఇది: కథానాయకుడు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి రంగూన్ రేవులో పనిచేసే కూలీ. జపాన్ వాళ్లు రాగానే భార్యాపిల్లలతో నడిచి ఇండియా చేరతాడు. ఇందులో యుద్ధాన్నీ, తెల్లదొరల పాలన కూలడాన్నీ కలిపి ఎలా చూపించాలి?

విడివిడిగా రాసి తర్వాత అతికించాలని చూస్తేనే చిక్కు. యుద్ధం ఒక అధ్యాయంలో, రాజకీయం ఇంకో అధ్యాయంలో ఉంటే పాఠకుడు రెండోదాన్ని దాటేస్తాడు. కూలీవాడి కంటికి సామ్రాజ్యం జెండాలో కనిపించదు. టికెట్ కౌంటర్లో, రేషన్‌లో, రోడ్డు మీద కాపలావాడి చేతికర్రలో కనిపిస్తుంది. అవి ఒక్కొక్కటీ పనిచేయడం మానేస్తుంటే అదే పతనం.

రంగూన్‌నే తీసుకోండి. 1941 డిసెంబరు 23న మొదటి బాంబుదాడి జరిగింది. జనం దాక్కోకుండా వీధుల్లోకి వచ్చి తలెత్తి విమానాలు చూస్తూ నిలబడ్డారు. అంతమంది పోవడానికి అదొక పెద్ద కారణం. క్రిస్మస్ నాడు మళ్లీ దాడి. రేవు కూలీలు, పాకీ పనివాళ్లు (చాలామంది మనవాళ్లే) ఊరు వదిలి ఉత్తరాన ఉన్న ప్రోమ్ పట్టణం దారి పట్టారు. దాంతో ఓడల్లో సరుకు దిగలేదు, వీధుల్లో చెత్త లేవలేదు. సర్కారు వాళ్లను బతిమాలి వెనక్కి రప్పించాల్సి వచ్చింది. నిన్నటిదాకా మనిషిగా లెక్కలోకి రానివాడు లేకపోతే రాజధాని ఆగిపోయింది. మీ నవలకు గుండెకాయ ఈ దృశ్యమే, దీనికి పది పేజీలిచ్చినా తప్పులేదు. ఫిబ్రవరి చివర్లో జైలు, పిచ్చాసుపత్రి తలుపులు తెరిచి లోపలివాళ్లను వదిలేశారన్నది కూడా నిజంగా జరిగినదే. అయితే దాన్ని ఒక్క పేరాలో ముగించండి, సాగదీస్తే సినిమా అయిపోతుంది.

ఇక తేదీలు. సింగపూర్ ఫిబ్రవరి 15న పడింది. రంగూన్‌కు తూర్పున సిట్టాంగ్ నది మీది వంతెనను ఫిబ్రవరి 23 తెల్లవారుజామున బ్రిటిష్ వాళ్లే పేల్చేశారు, అప్పటికి వాళ్ల సైన్యంలోని 17వ ఇండియన్ డివిజన్‌లో ఎక్కువమంది అవతలి ఒడ్డునే ఉండిపోయారు. రంగూన్ మార్చి 8న జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్ 3న ఎగువ బర్మాలోని మాండలేపై బాంబులు, మే 1న మాండలే పతనం. ఈ పట్టీ గోడకు అతికించుకుని, పక్కన పంచాంగం పెట్టుకోండి. మార్చి మొదటి వారంలోనే పౌర్ణమి వెళ్లిపోయింది కాబట్టి ఏడో తేదీ సాయంత్రం నిండు వెన్నెల రాయకూడదు. అదే నెలలో ఉగాదికి వృష వెళ్లి చిత్రభాను వచ్చింది. ఊళ్లో ముసలివాళ్లు కాలం చెప్పేది ఆ పేర్లతోనే.

ఎక్కువమంది జారేది దారి దగ్గర. అందరూ బురద, జలగలు, హోరు వాన అని రాసేస్తారు. బర్మాలో ముసురు పట్టేది మే నడుమ నుంచి. ఫిబ్రవరి, మార్చిల్లో ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ మీదుగా బర్మా పడమటి వైపు అరకాన్ తీరానికి వెళ్లినవాళ్లకు వానే లేదు. వాళ్లను చంపింది నీళ్లు దొరక్కపోవడం, దొరికిన నీళ్లలో కలరా. బురదా మలేరియా కలయిక మే తర్వాత సరిహద్దు ఊరు తము మీదుగా ఇంఫాల్ వెళ్లే దారిలో, ఇంకా ఘోరంగా ఉత్తరాన హుకాంగ్ లోయలో. మీ కుటుంబం ఏ వారంలో బయల్దేరిందో ముందు తేల్చుకుంటే వాతావరణం, జబ్బు, దారి వాటంతటవే తేలతాయి.

మోత లెక్క కూడా వేయండి. టౌంగప్ దారి నూరు మైళ్లకు పైనే. పిల్లలతో కొండదారిలో రోజుకు పది మైళ్లు నడిస్తే గొప్ప, అంటే పదకొండు రోజులు. పెద్ద మనిషికి రోజుకు అరకిలో బియ్యం చొప్పున అయిదున్నర కిలోలు. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలంటే, పిల్లలకు సగం లెక్కన వేసినా ఇరవై కిలోల దగ్గరికి వస్తుంది, పైన నీళ్లు, గిన్నె, చంకలో చంటిబిడ్డ. మూడోరోజుకు ఏదో ఒకటి వదిలేయక తప్పదు. ఏది వదిలారన్నది చెబితే ఆ మనుషులెవరో తెలిసిపోతుంది. తూకం గురించి ఒక మాట: బర్మా వీశ దాదాపు 1.6 కిలోలు, మన వీశ సుమారు 1.4. పేరొకటే, తూకం వేరు.

తము దారిలో తెల్లవాళ్లకొక బాట, నల్లవాళ్లకొక బాట అన్న మాట ఆ ఏడాది దేశమంతా పాకింది, గాంధీ కూడా ఆ మాటెత్తి నిలదీశారు. క్విట్ ఇండియా ఆగస్టులో ఊరికే ఊడిపడలేదు. కానీ మీ పాత్ర నోట మాత్రం "ఇక వీళ్ల పని అయిపోయింది" అనిపించకండి. 1947 వస్తుందని 1942లో వాడికి తెలియదు. వాడి ముందు నుంచి ఖాళీ లారీ ఆగకుండా వెళ్లిపోయిందని రాస్తే చాలు.

బర్మీయులందరినీ కత్తి పట్టిన దొంగలుగా చూపడం ఇంకో పొరపాటు. ఇండియా వాళ్ల మీద వాళ్ల కోపానికి వెనక చరిత్ర ఉంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ పని దగ్గరే నెత్తురు పారింది. ఆర్థిక మాంద్యం తర్వాత దిగువ బర్మా వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోయింది. భూమి పట్టింది ఒకరు, దారిలో దెబ్బ తిన్నది ఇంకొకరు. కనీసం ఒక్క బర్మా పాత్రకైనా ఈ మాట చెప్పే చోటివ్వండి.

సుభాష్ చంద్రబోసును కూడా తొందరపడి తేవద్దు. ఆయన సింగపూర్ చేరింది 1943 జులైలో, ఆయన ప్రధాన కార్యాలయం రంగూన్‌కు మారింది 1944 జనవరిలో. నడిచి వచ్చేసినవాడు ఆయన్ని అక్కడ చూసే వీల్లేదు. ఆజాద్ హింద్ ఫౌజు కావాలంటే తమ్ముణ్ని రంగూన్‌లో ఉంచేయండి.

ఊరి భాగానికి ఏప్రిల్ 6 ముఖ్యం. ఆ రోజు విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి, పట్నం జనం మూటలు కట్టుకుని పల్లెలకు పరిగెత్తారు. ప్రెస్ అకాడమీ డిజిటల్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పత్రికలు తిరగేయండి. అప్పట్లో సెన్సారు ఉంది కనుక అచ్చైన వార్తకూ ఊళ్లో పుకారుకూ మధ్య తేడాను వాడుకోండి. మాటల్లో "రంగూన్" తగ్గించండి. ఆ తరంవాళ్లకు అది "రంగం". "మా అయ్య రంగం పోనాడు" అంటే చాలు.

చివరగా నోట్లు. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయాక అక్కడికోసం రిజర్వు బ్యాంకు వేసిన కొన్ని నోట్ల మీద "బర్మాలో మాత్రమే చెల్లును" అన్న అర్థంతో ఇంగ్లీషులో అచ్చు వేసేవారు. చదువురాని కూలీ మొలకు కట్టుకుని నాలుగు వందల మైళ్లు మోసింది అదే నోటైతే, దాని మీద రాజు తల ఇక్కడి నోటు మీద ఉన్నదే. కోమటి దుకాణంలో దాన్ని తిప్పి చూసి వెనక్కిచ్చేసే సన్నివేశం మీ చిత్తుప్రతిలో లేకపోతే, దానికి చోటు చూడండి.