చల్లనీళ్ల గిలాసకు తడి ఎక్కడికెళ్లి వస్తది? బీకామ్ చదివి ప్రైమరీ సైన్స్ మళ్లీ నేర్చుకున్న నా అనుభవం

అక్కా, డిగ్రీ కామర్స్ చేసిన, సైన్స్ పుస్తకం ముట్టక పదిహేనేండ్లయింది, ఇప్పుడు ఐదో తరగతి పాప డౌట్లు అడుగుతుంటే ఎక్కడికెళ్లి మొదలుపెట్టాలె అని అడిగిన్రు కదా. నాది కూడ బీకామే. మూడేండ్ల కింద హన్మకొండల మా ఇంట్లనే సాయంత్రం ట్యూషన్ షురూ చేసిన, మూడు నుంచి ఐదు దాకా పిల్లలు, లెక్కలు తెలుగు మంచిగనే నడిచినయి గని సైన్స్ కాడ ఆగిపోయిన. ఒక పాప ఫ్రిజ్ నీళ్లు పోసిన స్టీల్ గిలాస పట్టుకొని టీచర్ దీనికి బయట తడి ఎట్లయింది అని అడిగితే, లోపలి చల్లదనం బయటికి వస్తదమ్మా అని ఏదో చెప్పి పంపిన. రాత్రి మస్తు బాధైంది, తెల్వదని చెప్పినా బాగుండు, పిల్లకు తప్పు నేర్పించిన.

అప్పటి సంది నాకు అర్థమైంది ఏందంటే, మర్చిపోయిన ముచ్చట ఒక్కసారి చదివితే మళ్ల వచ్చేస్తది, తప్పుగ గుర్తున్నదే మనల్ని ముంచుతది, ఎందుకంటే అది తప్పని మనకు అనుమానమే రాదు. అందుకే పాఠం తెరిచే ముందు ఒక నోట్‌బుక్‌ల ఆ విషయం మీద మీరు ఇప్పుడు ఏం నమ్ముతున్నరో రెండు లైన్లు రాసుకోండి, పాప అడిగితే ఏం చెప్తరో అదే రాయండి. తర్వాత ఇంట్ల ఉన్న సామాన్లతోని చేసి చూడండి, పుస్తకం ఆఖరికి.

ఆ గిలాస సంగతే చెప్త. మరుసటి రోజు ఫ్రిజ్ నీళ్లల్ల చెంచెడు పసుపు కలిపి పిల్లల ముందట పెట్టిన, పది నిమిషాలల్ల గిలాస బయట బొట్లు బొట్లు వచ్చినయి, తెల్ల రుమాలతోని తుడిస్తే రుమాలకు పసుపు అంటలే. అంటే లోపలి నీళ్లు బయటికి రాలే. గాలిల కంటికి కనపడని నీటి ఆవిరి ఉంటది, అది చల్లటి గిలాసకు తగిలి మళ్ల నీళ్లయితది. మనింట్ల రంజన్ల, అంటే మట్టి కుండల, నీళ్లు చల్లగ ఉండేది దీనికి ఉల్టా, మట్టి రంధ్రాలల్లకెళ్లి బయటికి వచ్చిన తడి ఆవిరయితూ లోపలి వేడి గుంజుకపోతది, వానకాలం గాలిల తేమ ఎక్కువుండి తడి తొందరగ ఆరదు కాబట్టి అదే రంజన్ అంత చల్లగ చెయ్యదు. ఈ రెండు అర్థమైతే వాన ఎట్ల పడ్తదో మీరు వేరే చదవనక్కర్లేదు.

ఎండాకాలం గురించి నేను రాసుకున్నది, భూమి సూర్యునికి దగ్గరికి పోతది అని. గట్టిగ నమ్మిన. నిజం ఏందంటే భూమి సూర్యునికి అన్నిటికన్న దగ్గరుండేది జనవరి మొదట్ల, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు, దూరముండేది జులై మొదట్ల, 15.2 కోట్లు. మనం స్వెట్టర్లు వేసుకునే రోజులల్లనే దగ్గరుంటది! కారణం భూమి 23.5 డిగ్రీలు వంగి తిరుగుడు. ఇది బొమ్మల చూస్తే నాకు ఎక్కలే, మేడ మీద ఎక్కింది. సంక్రాంతి సెలవులల్ల మీటరు కర్ర నిటారుగ నిలబెట్టినం, పన్నెండుంపావు దాటినంక చూస్తే నీడ 80 సెంటీమీటర్ల మీదనే ఉంది. అదే కర్రకు మే రెండో వారంల నీడ ఇంచుమించు మాయమైంది, కర్ర మొదట్లనే దాక్కుంది, ఎందుకంటే మన వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అప్పుడు సూర్యుడు సరిగ్గ నడినెత్తి మీదికి వస్తడు. జులై చివర్ల ఇంకోసారి వస్తడు గని అప్పుడు మబ్బులే ఉంటయి. రాత్రి టార్చి గోడకు సూటిగ ఒకసారి, ఏటవాలుగ ఒకసారి కొట్టి చూపెట్టండి, ఏటవాలుగ కొడితే అదే వెలుగు పరుసుకొని పల్చవడ్తది, చలికాలం ఎండ గంతే.

మునుగుడు తేలుడు కూడ గట్లనే, బరువున్నది మునుగుతది అనుకుంటం. బకెట్ల స్టీల్ గిన్నె పెడితే తేల్తది, దానికన్న తక్కువ బరువున్న చెంచా మునుగుతది. గిన్నె నొక్కి నీళ్లు నింపితే అదీ మునుగుతది, అంటే లోపల గాలి ఉన్నంతసేపే తేలింది. ఇది అయినంక పిల్లలను పాలంపేట రామప్ప గుడికి తీస్కపోయిన, 1213ల కట్టిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని గోపురం ఇటుకలు నీళ్లల్ల తేలేంత తేలిక, ఇటుక నిండ సన్నటి గాలి రంధ్రాలు ఉంటయి. పిల్లలు పైకి చూసుకుంట వాళ్లకు వాళ్లే గిన్నె ముచ్చట మాట్లాడుకున్నరు, నేను ఏం చెప్పలే.

పుస్తకాలకు పైసలు పెట్టకండి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పరిసరాల విజ్ఞానం పుస్తకాలు సర్కారు బడి పుస్తకాలు తయారు చేసే ఎస్‌సీఈఆర్‌టీ తెలంగాణ వెబ్‌సైట్ల ఫ్రీగ ఉన్నయి, మూడో తరగతికెళ్లే మొదలుపెట్టండి, సిగ్గు పడేదేం లేదు. ఒక పేజీ తెలుగు పక్క పేజీ ఇంగ్లీష్ ఉన్నవి దొరికితే అవే తీసుకోండి, మనం తెలుగు మీడియం, పిల్లలు ఇంగ్లీష్ మీడియం కాబట్టి. మాటల కాడ జర పైలం. డెన్సిటీని సాంద్రత అంటరు, కండెన్సేషన్‌ను సాంద్రీకరణం అంటరు, నేను రెండూ ఒక్కటే అనుకొని నెల రోజులు పరేషానైన. ఒకటి అంతే జాగల ఎంత బరువు పట్టింది అనేది, ఇంకొకటి ఆవిరి నీళ్లయ్యేది.

రోజుకు అరగంట చాలు, నాకు మూడు పుస్తకాలు అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. పాప పక్కన ఉన్నప్పుడే చెయ్యండక్కా, నాకు కూడ తెల్వదు బిడ్డా చూద్దాం పా అంటే గిలాస వాళ్లే ఉరికి తెస్తరు.