అల్లుడూ, లాభం అంకె తర్వాత చూద్దువు గానీ

అల్లుడూ,

నువ్వు నిన్న రాత్రి పంపిన పీడీఎఫ్ చూశాను. రెండొందల పైచిలుకు పేజీల వార్షిక నివేదికలో నువ్వు పసుపు రంగు పూసింది మూడే చోట్ల: అమ్మకాలు, నికర లాభం, చైర్మన్ గారి ఉత్తరం. కింద "ఈ కంపెనీ షేర్లలో లక్షన్నర పెడదామనుకుంటున్నా మామయ్యా, ఏమంటావు?" అని ఒక ముక్క. పెట్టమనీ వద్దనీ చెప్పను. ముందు నా సంగతి విను, మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

2008 డిసెంబర్ 16న సత్యం సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు మేటాస్ పేరుతో ఉన్న రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నారు. రెండూ సత్యం చైర్మన్ రామలింగరాజు గారి కుటుంబానివే (సత్యం స్పెల్లింగు ఇంగ్లిష్‌లో వెనక నుంచి చదివితే మేటాస్, అంత బాహాటంగా పెట్టుకున్నారు పేరు). ఇన్వెస్టర్లు గోల పెట్టేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గారు, అయినా మర్నాడు షేరు 30 శాతం దాకా పడింది. బ్యాంకులో అన్నేళ్లు పనిచేసి, ఊళ్లోవాళ్ల బ్యాలెన్స్ షీట్లన్నీ చూసి లోన్లిచ్చిన నేను అప్పుడేం చేశాననుకున్నావ్? చవగ్గా దొరుకుతోందని ఇంకో వంద షేర్లు కొన్నాను. మన హైదరాబాద్ కంపెనీ, మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు పిల్లలకి అందులో ఉద్యోగాలు, పైగా సెప్టెంబర్‌లోనే కంపెనీని బాగా నడుపుతున్నారని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు, ఇంకేం కావాలి. జనవరి 6న షేరు 179. నేను ఇంట్లో మీసం మెలేస్తున్నాను. 7న లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ రాజు గారు రాసిన ఉత్తరం బయటపడింది, సాయంత్రానికి 40 రూపాయలు.

ఆ ఉత్తరం నెట్‌లో దొరుకుతుంది, ఓసారి చదువు. బ్యాంకుల్లో ఉన్నాయని చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవు. సెప్టెంబర్ త్రైమాసికంలో ఆపరేటింగ్ మార్జిన్ (వంద రూపాయల ఆదాయంలో నడిపే ఖర్చులు పోను మిగిలేది) 24 శాతమని ప్రకటించారు, అసలుది 3 శాతం. కానీ నేను నిన్ను చదవమనేది అంకెల కోసం కాదు, ఎలా మొదలైందో రాసిన రెండు మూడు వాక్యాల కోసం. మొదట్లో చిన్న తేడాయేనట. ప్రమోటర్ల (కంపెనీ పెట్టి నడిపేవాళ్ల) చేతిలో ఉన్న వాటా తక్కువ, ఫలితాలు బాగోలేకపోతే ఎవరైనా వచ్చి కంపెనీని లాగేసుకుంటారని భయం, ఆ భయంతో ఒక మూడు నెలలు కప్పారు, ఆ కప్పినదాన్ని నిలబెట్టడానికి తర్వాతి మూడు నెలలు ఇంకాస్త, చివరికి దిగితే తినేసే పులి మీద ఎక్కి కూర్చున్నట్టయిందని ఆయనే రాశారు.

అందుకే ఏ నివేదిక తెరిచినా నేను ముందు ఒకటే వెతుకుతాను. ఈ అంకె తగ్గితే ఎవరి పీకకి చుట్టుకుంటుంది? ప్రమోటర్ షేర్లు తాకట్టులో ఉన్నాయా (ధర పడితే అప్పిచ్చినవాడు అమ్మేస్తాడు), పై అధికారుల బోనస్ లాభానికి ముడిపెట్టారా, త్వరలో కొత్త షేర్లు అమ్మడానికి ఇంకో ఇష్యూకి వెళ్తున్నారా? తాకట్టు వివరాలు ఇప్పుడు స్టాక్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్లోనే ఉంటాయి, సత్యం దెబ్బ తర్వాతే షేర్ల మార్కెట్‌ని నియంత్రించే సెబీ ఆ రూలు తెచ్చింది. ఒత్తిడి ఉన్న ప్రతివాడూ దొంగ కాడులే, కానీ ఒత్తిడి ఉన్నచోట నేను రెండోసారి లెక్కపెడతాను.

మరి ఆడిటర్ ఉన్నాడు కదా అంటావు. మా బ్రాంచికి ప్రతి ఏప్రిల్‌లో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఫలానా కంపెనీ ఖాతాలో మార్చి 31న ఎంత ఉందో మేం రాసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి నేరుగా ఆడిటర్‌కి పంపాలి. ఓసారి ఒక కంపెనీ అకౌంటెంట్ స్వీట్ బాక్స్‌తో వచ్చి, "ఇటిచ్చేయండి సార్, నేనే ఆడిటర్ గారికి అందజేస్తా, మళ్లీ పోస్టెందుకు" అన్నాడు. ఆ రోజు ఎందుకో నాకు పట్టుదల వచ్చి, వాడి ఎదురుగానే కవరు అంటించి రిజిస్టర్డ్ పోస్టులో వేయించాను. వాడి మొహం మాడిపోయింది. అందులో మోసం ఉందో లేదో నాకు తెలీదు, కానీ కాగితం చేతులు మారే ఆ రెండు కిలోమీటర్లలోనే ఒక సున్నా పెరగొచ్చు. అబద్ధమెందుకు, పని ఒత్తిడిలో నేనే చేతికిచ్చేసిన రోజులూ ఉన్నాయి. సత్యంలో ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులే నకిలీవి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు శిక్ష వేసిన పదిమందిలో ఆడిటర్లు కూడా ఇద్దరున్నారు, ఆ తర్వాత అప్పీళ్లూ బెయిళ్లూ అనుకో.

ఇప్పుడు చట్టం కాస్త గట్టిపడింది. లిస్టెడ్ కంపెనీల్లో ఒక ఆడిట్ సంస్థ వరసగా పదేళ్లకి మించి ఉండకూడదు, ఆడిటర్ల మీద 2018 నుంచి కేంద్రం పెట్టిన నియంత్రణ సంస్థ ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ కాపలా. మంచిదే. అయినా మధ్యలో ఆడిటర్ "వ్యక్తిగత కారణాలతో" రాజీనామా చేస్తే నేను మాత్రం ఆ షేరు జోలికి పోను.

నువ్వు చేయాల్సింది పెద్దగా ఏం లేదు, నివేదికని వెనక నుంచి చదువు. ఫోటోలన్నీ ముందుంటాయి, అసలు సంగతులు నోట్స్‌లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఐదేళ్ల లాభం కూడు, ఐదేళ్లలో వ్యాపారం నుంచి వచ్చిన నగదు కూడు, పక్కపక్కన పెట్టు. లాభం కొండంత ఉండి నగదు గోరంత ఉంటే, సరుకు అమ్మినట్టు రాసుకున్నారు గానీ డబ్బు చేతికి రాలేదన్నమాట. అయితే సత్యంలో నగదే అబద్ధం, కాబట్టి ఇంకొకటి కూడా అడుగు: చేతిలో ఇంత డబ్బుంటే మళ్లీ అప్పెందుకు చేస్తున్నారు, ఈ డబ్బు మీద వచ్చిన వడ్డీ ఏది? తర్వాత రిలేటెడ్ పార్టీ నోట్, అంటే సొంతవాళ్లతో జరిపిన లావాదేవీల జాబితా. బావమరిది కంపెనీకి అడ్వాన్సు, తమ్ముడి కంపెనీ దగ్గర స్థలం అద్దె, అన్నీ అక్కడే దొరుకుతాయి.

నీ పీడీఎఫ్ సంగతి. అమ్మకాలు పెరిగింది 12 శాతం, ఖాతాదారుల నుంచి రావాల్సిన బాకీ దాదాపు రెట్టింపైంది. 163వ పేజీలో ఆ బాకీ ఎన్ని నెలల నాటిదో పట్టిక ఉంది, ఆరు నెలలు దాటింది ఎంతో చూసి రాత్రి ఫోన్ చెయ్. పదింటి దాకా మేలుకునే ఉంటాను. మీ అమ్మ పంపిన ఆవకాయ అందిందని చెప్పు, ఈసారి ఉప్పు కొంచెం ఎక్కువైంది.

మీ మామయ్య