మీరడిగారు: ఉక్కు స్కూబా సిలిండర్ కొనేముందు, గాలి నింపించేముందు

ప్రశ్న: అండమాన్‌లో స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ వీపున కట్టుకుని సముద్రం లోపల ఈదడం) కోర్సు చేశాను. అక్కడ అల్యూమినియం సిలిండర్లు ఇచ్చారు. ఇప్పుడు తెలిసినవారొకరు విదేశం నుంచి తెచ్చి వాడిన 12 లీటర్ల ఉక్కు సిలిండర్ అమ్ముతామంటున్నారు. తీసుకోవచ్చా? ఏమేం చూడాలి?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బేరం ఆడేముందు సిలిండర్ భుజం మీద కొట్టిన ముద్రలు చదవండి. నీళ్లు ఎన్ని లీటర్లు పడతాయో, ఎంత పీడనానికి తయారైందో, ఎంత పీడనంతో పరీక్షించారో, చివరి హైడ్రో పరీక్ష (నీళ్లు నింపి ఎక్కువ పీడనంతో చేసే పరీక్ష) ఏ నెల, ఏ సంవత్సరంలో జరిగిందో అక్కడే ఉంటుంది. పీడనాన్ని బార్లలో కొలుస్తారు, మన చుట్టూ ఉండే గాలి పీడనం సుమారు ఒక బార్. యూరప్ సిలిండర్లలో 232 బార్ పని పీడనం పక్కన 348 బార్ పరీక్ష పీడనం కనిపిస్తుంది. ముద్రలు అరిగిపోయినా, గీకేసినా ఆ సిలిండర్ వద్దు.

లీటర్లను పీడనంతో గుణిస్తే గాలి లెక్క సుమారుగా తేలుతుంది. మీరు వాడిన అల్యూమినియం 80 రకం 11.1 లీటర్లు, 207 బార్. అంటే దాదాపు 2,300 లీటర్ల గాలి. 232 బార్ ఉక్కు సిలిండర్ 10 లీటర్లదైనా అంతే గాలి ఇస్తుంది. 12 లీటర్లదైతే 2,780 దాకా వస్తుంది. గాలి తక్కువ వాడేవారికి, బక్కపలచగా ఉన్నవారికి 10 లీటర్లదే హాయి అని మా అభిప్రాయం.

నీళ్లలో మరో తేడా ఉంది. అల్యూమినియం 80 ఖాళీ అవుతున్నకొద్దీ తేలుతుంది. డైవ్ చివర్లో మనిషిని దాదాపు 2 కిలోల మేర పైకి లాగుతుంది. ఉక్కుది ఖాళీ అయినా మునిగే ఉంటుంది. అందుకే మునగడానికి నడుముకు కట్టుకునే సీసం 2-3 కిలోలు తగ్గించాల్సి వస్తుంది. పాత లెక్కనే కట్టుకుంటే బరువెక్కువై కిందికి జారిపోతారు. సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు 5 మీటర్ల లోతులో నిలకడగా ఆగగలుగుతున్నారా లేదా చూసుకుని సీసం ఖాయం చేసుకోండి.

ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం వాల్వ్ మర. యూరప్ సిలిండర్ల మెడకు సాధారణంగా ఎం25 అనే మెట్రిక్ కొలత మర ఉంటుంది, అమెరికా వాటికి ముప్పావు అంగుళం మర. ఎం25 వాల్వ్‌ను ముప్పావు అంగుళం మెడలో పెడితే వదులుగానైనా ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. గాలి నింపుతున్నప్పుడు తూటాలా ఊడి వస్తుంది. వాల్వ్ ఎప్పుడైనా మార్చారేమో అడగండి. మెడ మీది ముద్రా, వాల్వ్ మీది ముద్రా ఒకటే కావాలి.

వాల్వ్ ఊడదీయించి లోపల లైటు వేసి చూడకుండా డబ్బు ఇవ్వకండి. పైపైన పట్టిన ఎర్రటి దుమ్ములాంటి తుప్పును దొర్లించి శుభ్రం చేయించవచ్చు. గుంతలు పడ్డ తుప్పయితే వదిలేయండి. అడుగున ఉండే ప్లాస్టిక్ తొడుగు కూడా తీసి చూడాలి. ఉప్పునీరు దాని కింద నిలిచి, రంగు చాటున లోహాన్ని తినేస్తుంది.

ఇక చట్టం. గ్యాస్ సిలిండర్ల నియమాలు, 2016 ప్రకారం మన దేశంలో ఆమోదం లేని సిలిండర్‌ను గానీ, పరీక్ష గడువు దాటినదాన్ని గానీ నింపకూడదు. ఆ ఆమోదం ఇచ్చేది నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ). మీకు చూపించినది విదేశీ సిలిండర్ కాబట్టి ఆ కాగితాలు అడిగి తీసుకోండి. అవి లేకపోతే ఎంత చవకైనా ఇంట్లో ఇనుప స్తంభం పెట్టుకున్నట్టే.

ప్రశ్న: మా ఇంటి దగ్గర ఆసుపత్రులకు ఆక్సిజన్ సిలిండర్లు నింపే చోటు ఉంది. స్కూబా సిలిండర్ అక్కడ నింపించవచ్చా? టైర్ల షాపులో కంప్రెసర్ కూడా ఉంది.
- ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: రెండూ వద్దమ్మా. అందరూ దాన్ని ఆక్సిజన్ సిలిండర్ అనే పిలుస్తారు గానీ డైవర్ పీల్చేది మనం పీల్చే మామూలు గాలే, ఒత్తి నింపినది. శుద్ధమైన ఆక్సిజన్‌తో 6 మీటర్లు దాటి దిగితే నీళ్లలోనే మూర్ఛ రావచ్చు. పైగా మామూలు గాలి నింపిన సిలిండర్‌లో, వాల్వ్‌లో నూనె తడి ఏ కాస్త ఉన్నా ఆక్సిజన్ పీడనంతో తగలగానే మంట అంటుకోవచ్చు. ఇక టైర్ల కంప్రెసర్ ఎత్తగలిగేది మహా అయితే పది బార్ల చిల్లర, దాని గాలిలో నూనె వేరే.

కావలసింది శ్వాస గాలి కోసమే చేసిన హైప్రెషర్ కంప్రెసర్. అగ్నిమాపక సిబ్బంది వీపు సిలిండర్లు నింపేది కూడా ఆ రకమే. యూరప్ ప్రమాణం ఈఎన్ 12021 ప్రకారం ఆ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు 5 పీపీఎం (పది లక్షల భాగాల్లో 5), నూనె ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాము దాటకూడదు. మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. 30 మీటర్ల లోతులో చుట్టూ పీడనం నాలుగింతలు కాబట్టి 10 పీపీఎం ఉన్న గాలి అక్కడ 40 పీపీఎంలా పనిచేస్తుంది. గాలి పీల్చుకునే గొట్టం జనరేటర్ పొగ దగ్గరో, రోడ్డు వైపో ఉన్నా, కంప్రెసర్ వేడెక్కి నూనె మాడినా అది గాలిలోకి చేరుతుంది. గొట్టం ఎక్కడుందో వెళ్లి చూడండి. గాలి పరీక్ష నివేదిక, ఫిల్టర్ మార్చిన తేదీ అడగండి. మన ఎండాకాలంలో ఫిల్టర్ త్వరగా అయిపోతుంది: 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 17 గ్రాముల తేమ మోయగలిగితే 40 డిగ్రీల గాలి 51 గ్రాములు మోస్తుంది. ఆ తేమ ఉక్కు లోపలికి చేరితే తుప్పే.

నింపే ముందు వాల్వ్‌ను క్షణం తెరిచి మూస్తే దాని నోట్లో నిలిచిన నీటి బొట్లు ఎగిరిపోతాయి. నింపే వేగం నిమిషానికి సుమారు 30 బార్ మించనివ్వకండి. 12 లీటర్లది నిండడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టాలి. తొందరపడితే సిలిండర్ వేడెక్కి, చల్లారాక పీడనం పడిపోతుంది. 50 డిగ్రీల దగ్గర 232 చూపించినది 30 డిగ్రీలకు దిగేసరికి 217కి వస్తుంది. ఇది లీకు కాదు. చల్లారాక మళ్లీ కాస్త నింపమనండి.

ప్రశ్న: ఏడాదికి రెండుసార్లే సముద్రానికి వెళ్తాం. మిగతా రోజులు ఫ్లాట్‌లో సిలిండర్ ఎలా ఉంచాలి?
- ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: పైన మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, 20-30 బార్ గాలి ఉంచి, దొర్లిపోకుండా గోడకు పట్టీ వేసి నిలబెట్టండి. లోపల తేమ ఉన్నా మందంగా ఉండే అడుగుకే చేరుతుంది. పూర్తిగా ఖాళీ చేస్తే వాల్వ్ గుండా తడి గాలి లోపలికి వెళ్తుంది. డైవ్‌లో కూడా అందుకే కొంత గాలి మిగల్చాలి. నెలల తరబడి ఉన్న పాత గాలితో డైవ్ చేయకండి. లోపల తుప్పు పడుతుంటే అది ఆక్సిజన్‌ను తినేస్తుంది. దాన్ని వదిలేసి కొత్తగా నింపించండి. ఏడాదికోసారి లోపల చూపించడం, అయిదేళ్లకోసారి హైడ్రో పరీక్ష తప్పనిసరి. బాల్కనీ ఎండలో పెట్టకండి. గాలి నింపినదాన్ని విమానంలో తీసుకెళ్లనివ్వరు, కాబట్టి అండమాన్ ప్రయాణమైతే అక్కడి డైవ్ సెంటర్ ఇచ్చే సిలిండరే వాడుకోండి.