కార్టిసాల్ తక్కువే వచ్చింది, మరి ముఖం ఎందుకు ఉబ్బింది?

మీ అత్తమ్మకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట పెరిగింది, చేతులూ కాళ్లూ మాత్రం సన్నబడ్డాయి అన్నారు. థైరాయిడ్ నార్మల్, కార్టిసాల్ (ఎక్కువైతే ఇలాగే ముఖం ఉబ్బించే హార్మోన్) ఎక్కువ ఉంటుందనుకుంటే తక్కువ వచ్చింది, ల్యాబ్ వాళ్లు తప్పు చేశారా అని అడిగారు. నేను డాక్టర్‌ను కాదు, హన్మకొండలో ఉద్యోగం చేసుకునేవాణ్ని. కానీ మా అమ్మకు అచ్చం ఇలాగే అయింది. ల్యాబ్ తప్పు కాకపోవచ్చు. ముందు ఆమె నొప్పులకో, ఆయాసానికో ఏం గోళీలు మింగుతున్నారో చూడండి. పేరు లేకుండా పొట్లాల్లో ఇచ్చేవి, ఆయుర్వేదం అని చెప్పి ఇచ్చే పొడులు కూడా వదలకండి.

మాది పరకాల దగ్గర ఊరు. పత్తి ఏరి ఏరి అమ్మ మోకాళ్లు పాడయ్యాయి. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన కాగితం పొట్లాల్లో గోళీలు కట్టిచ్చేవాడు. రెండో రోజుకే లేచి చేనుకు పోయింది. ఆయన చెయ్యి మంచిదని ఊరంతా పేరు. అలా ఏడాదిన్నర మింగింది. ఆకలి పెరిగింది, ముఖం నిండింది. చుట్టాలొచ్చి "కొడుకు మంచిగ చూసుకుంటున్నట్టుండు" అంటే నేను లోపల మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, చీరకు ఐదు కుచ్చిళ్లు వచ్చే చోట మూడే వస్తున్నాయి. కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేదు. కాస్త తగిలితే చాలు, చర్మం కమిలిపోయేది. తిండి వల్ల లావైతే చేతులెందుకు సన్నబడతాయి? ఆ మాట అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

అవి స్టెరాయిడ్ గోళీలని, అంటే కార్టిసాల్ లాగే పనిచేసే మందని తెలిసిన రోజు నాన్న కోపంతో పొట్లాలన్నీ పొయ్యిలో వేశాడు. అదే పెద్ద తప్పు. నాలుగో రోజు వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం. రాత్రికి రాత్రి వరంగల్ తీసుకొస్తే, నరానికి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించాక గానీ తేరుకోలేదు. మీరు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఒక్క గోళీ కూడా ఆపకండి.

తర్వాత హైదరాబాద్‌లో ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్ వివరంగా చెప్పారు. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ చేస్తాయి. ఎంత చెయ్యాలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌తో చెబుతుంది. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే పిట్యూటరీ ఆ హార్మోన్ పంపడం ఆపేస్తుంది, అడ్రినల్ పనిలేక కుంచించుకుపోతుంది. అందుకే గోళీలు ఒక్కసారిగా ఆపితే అమ్మకు అలా అయింది. అమ్మకు పొద్దున 8 గంటల కార్టిసాల్ డెసిలీటరుకు 1.4 మైక్రోగ్రాములు వచ్చింది, మామూలుగా 5 దాటాలి. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఒంట్లో ఎంత ఉన్నా కార్టిసాల్ పరీక్షలో కనబడదు. కానీ అది 0.75 మిల్లీగ్రాములుంటే చాలు, 20 మిల్లీగ్రాముల కార్టిసాల్ చేసే పని చేస్తుంది. అందుకే రిపోర్టులో తక్కువ, ఒంట్లో ఎక్కువ.

మందునూ తిట్టలేం. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ కీళ్లవాతంతో మంచం పట్టిన ఒకామెకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే లేచి నడిచింది. 1950లో ఆయనకూ మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మా అమ్మ చేనుకు పోయింది కూడా ఆ మహిమతోనే.

కొవ్వు పొట్టకే ఎందుకు చేరుతుందని నేనూ అడిగాను. పేగుల చుట్టూ ఉండే కొవ్వులో కార్టిసాల్‌ను పట్టుకునే గ్రాహకాలు తొడల కొవ్వులో కంటే ఎక్కువట. పైగా కొవ్వు ఊరికే పడి ఉండే మూట కాదు. అందులో ఒక ఎంజైమ్ ఉంటుంది, నేరుగా పనిచేయని కార్టిసోన్‌ను అక్కడికక్కడే కార్టిసాల్‌గా మార్చేస్తుంది. పొట్టలోపలి కొవ్వులో ఇది ఎక్కువగా జరుగుతుందని 1997లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు. అంటే రక్తంలో కార్టిసాల్ మామూలుగా ఉన్నా కొవ్వు లోపల ఎక్కువ ఉండొచ్చు. ఆ ఎంజైమ్‌ను ఆపే మందులు మనుషుల మీద ప్రయత్నించారు, బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు.

ఇదంతా విని నాకూ భయం పట్టుకుంది, నా నడుము 96 సెంటీమీటర్లు. మన దగ్గర మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. రాత్రి 11కి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ వేసుకుని పొద్దున రక్తం ఇచ్చాను. బయటి స్టెరాయిడ్ అందితే గ్రంథులు కార్టిసాల్ తగ్గించాలి కదా, నాది 1.8 కంటే తగ్గింది, అంటే నా గ్రంథులు బాగున్నట్టే. డాక్టర్ నవ్వి, "మీది బిర్యానీ పొట్ట" అన్నారు. మీ అత్తమ్మ స్టెరాయిడ్ వాడుతుంటే ఈ పరీక్షతో ఉపయోగం లేదు. కార్టిసాల్ రిపోర్టు, మిగిలిన పొట్లాలు రెండూ పట్టుకెళ్లండి. దాచిపెడితే డాక్టర్‌కు చిక్కదు. జ్వరం వచ్చినా, ఆపరేషన్ ఉన్నా అక్కడ కూడా స్టెరాయిడ్ సంగతి ముందే చెప్పండి.

అమ్మకు డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పూర్తిగా ఆపడానికి పది నెలలు పట్టింది. ముఖం మళ్లీ పాత ముఖమే అయింది, షుగర్ కాస్త మిగిలింది. మోకాళ్ల నొప్పి మాత్రం తిరిగొచ్చింది. "ఆ గోళీలే మంచిగుండె" అని ఇప్పటికీ అంటుంది.