చుక్కలు పెట్టించుకునే ముందు ఒక మంగళవారం రా

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. నిన్న సాయంత్రం మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, వీడు నెత్తి మీద పచ్చబొట్లు పొడిపించుకుంటాడంట" అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అర్థం కాలేదు. నేను తేలో పామో అనుకున్నా. తర్వాత నీ చెల్లెలు వీడియో పంపితే తెలిసింది. జుట్టు మొలిపించడం కాదు, గుండు చేయించుకున్న రెండో రోజు తల ఎలా ఉంటుందో అలా కనపడేలా సూదితో చుక్కలు పెడతారట. పేరు స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్, పొట్టిగా ఎస్‌ఎంపీ అంటారట.

నాలుగుసార్లు చూశాను. తిట్టుకుంటూనే చూశాను. కానీ నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది. తాత కత్తి, నా కత్తి వద్దనుకుని కంప్యూటర్ చదువు చదివినవాడివి, తిరిగి తిరిగి మన వృత్తి దగ్గరికే వచ్చావు కదా.

రెండో రోజు తల గురించి నాకు చెప్పగలిగినవాళ్ళు తక్కువ. 2015 పుష్కరాల పన్నెండు రోజులూ కోటిలింగాల రేవులో కూర్చుని ఎన్ని తలలు గీశానో లెక్కలేదు. తడి ఆరాక దగ్గరగా చూస్తే చర్మం కింద వెంట్రుక మొదళ్ళు నల్లగా కనపడతాయి. అన్నీ ఒకలా ఉండవు. నుదురు దగ్గర సన్నగా, అక్కడొకటి ఇక్కడొకటి. వెనక్కి వెళ్ళేకొద్దీ ముదురు, ఒత్తు. సుడి దగ్గర గుండ్రంగా తిరుగుతాయి. నువ్వు ఎవడి దగ్గర చేయించుకుంటావో వాడు పెట్టే చుక్కలన్నీ ఒకే సైజులో, ఒకే దూరంలో ఉన్నాయంటే అది తల కాదు నాన్నా, ప్లాస్టిక్ జల్లెడ.

ముందు చర్మం డాక్టరుకి చూపించు. నీది మీ నాన్న లాంటి బట్టతలేనా, పేనుకొరుకుడా, థైరాయిడా తేల్చుకో. పేనుకొరుకుడైతే చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది, చుక్కలతో పనే ఉండదు. తల మీద సోరియాసిస్ ఉన్నా, దెబ్బ మానిన చోట కండ లేచే చర్మమైనా ఈ పని పెట్టుకోకూడదు. నీ చెవి కుట్టినప్పుడు మామూలుగానే మానింది, నాకు గుర్తుంది, కుట్టించిన రోజు నా ఒళ్ళోనే ఏడ్చావు.

ఇక అసలు సంగతి. పెళ్లికి పదిహేను రోజుల ముందు చేయించుకుంటానన్నావట. ఆ మాట విన్నాక రాత్రి నిద్రపట్టలేదు.

ఎందుకో చెప్తాను. మీ నాన్నకి తెలుసు కానీ నీకు చెప్పి ఉండడు.

1997 మే నెల. పక్క ఊళ్ళో పెళ్లి. మీ నాన్నది సన్నాయి, నాది కత్తి. పెళ్లికొడుకుని చేసే రోజు పొద్దున్నే వెళ్ళాను. కుర్రాడికి ముప్ఫై రెండేళ్ళు, చెల్లెళ్ళ పెళ్లిళ్ళు చేసేసరికి ఆలస్యమైంది. చెవుల పైన బాగా నెరిసింది. గోళ్ళు తీశాను, గడ్డం చేశాను. అప్పుడు వాళ్ళమ్మ వచ్చి, "ఏమయ్యా, కాస్త రంగెయ్యి, వీడియోలో ముసలాడిలా పడతాడు" అంది. రంగు పొడి ప్యాకెట్టు నా సంచిలో ఎప్పుడూ ఉండేది.

ప్యాకెట్టు మీద రాసే ఉంది. చెవి వెనక కొంచెం రాసి, నలభై ఎనిమిది గంటలు చూసి, అప్పుడు తలకి వేయాలని. మర్నాడు రాత్రి ముహూర్తం, ఇంకెక్కడి నలభై ఎనిమిది గంటలు? పైగా ఆ కుర్రాడు తనంతట తనే చెప్పాడు: "ఇంతకుముందు నల్ల గోరింటాకు పెట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కిందండీ, ఏం కాదు కదా?" అని. నేనేమన్నానో తెలుసా? "అది వేరు, ఇది వేరు బాబూ, ఇరవై ఏళ్ళ నుంచి వేస్తున్నా" అన్నాను. అది వేరు కాదు. ఆ నల్ల గోరింటాకులో కలిపేదీ ఈ రంగులో ఉండేదీ చాలాసార్లు ఒకటే మందు. నాకు తెలియదు. తెలియనప్పుడు తెలియదని చెప్పాలి కదా. సంచిలో ప్యాకెట్టు ఉంది, పక్కన వాళ్ళమ్మ నిలబడి ఉంది, చేతిలో పడే డబ్బులు కనపడుతున్నాయి. వేసేశాను.

మర్నాడు తెల్లారేసరికి కబురొచ్చింది. వెళ్ళి చూస్తే నుదురు ఉబ్బి ముందుకొచ్చింది, చెవుల వెనక రసి కారుతోంది. సాయంత్రానికి కళ్ళు మూసుకుపోయాయి. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు కానీ వాపు గంటలో దిగేదా? చుట్టాలంతా దిష్టి అన్నారు, ఎండ అన్నారు, తేనెటీగ అన్నారు. నేను తలూపాను చిన్నా. "అవునండీ, ఎండ ఎక్కువగా ఉంది" అన్నాను. ఆ మాట అన్న నోరు ఇదే.

రాత్రి ముహూర్తానికి తెర పట్టుకున్నారు. జీలకర్ర బెల్లం పెట్టారు, తెర తీశారు. ఆ అమ్మాయి తలెత్తి చూసింది. వాడికి కళ్ళు తెరుచుకోవు. చూపుడు వేలితో ఒక రెప్ప పైకి లాగి చూశాడు. జనం నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు, భయపడింది. గట్టిమేళం వాయిస్తూ మీ నాన్న నా వైపు చూశాడు. ఒక్క చూపే. సన్నాయి మాత్రం ఆపలేదు.

మూడో రోజు వెళ్ళి వాళ్ళ గడపలో నిలబడి నిజం చెప్పాను. వాళ్ళమ్మ తిట్టింది, పడ్డాను. కుర్రాడు మాత్రం ఏమీ అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుతుంది. ఎనిమిదేళ్ళ తర్వాత కొడుకుని తీసుకుని మన షాపుకి వచ్చాడు. అప్పటికి తలంతా తెల్లబడింది. పిల్లాడికి కటింగ్ అయ్యాక తనూ కుర్చీలో కూర్చుని, "రంగు మాత్రం వద్దండోయ్" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నేను లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

అందుకే పెళ్లికి పదిహేను రోజులు అంటే నాకు గుండె ఆగినంత పనైంది. ఈ పని ఒక్క కూర్చోడంతో అయ్యేది కాదు. రెండో మూడో సిట్టింగులు, మధ్యలో వారం పది రోజులో ఇంకా ఎక్కువో ఎడం. మొదట చుక్కలు మరీ నల్లగా ఉంటాయి, చర్మం ఎర్రబడుతుంది, పొక్కు కడుతుంది. పొక్కు రాలాక లేతబడతాయి. అసలు రంగు ఏమిటో తేలడానికి నెల పడుతుంది. పచ్చి పుండు లాంటి ఆ తల మీద నలుగు పిండి పూస్తారా, మంగళస్నానం చేయిస్తారా? జీలకర్ర బెల్లం పెట్టేది ఎక్కడరా, సరిగ్గా నడినెత్తినే కదా! ఆ పైన పసుపు కలిపిన తలంబ్రాలు. మాఘంలో పెళ్లంటే కార్తీకం దాటకుండా పనంతా అయిపోవాలి. కుదరదా, పెళ్లయ్యాక చేయించుకో. మధ్యలో ఇరికించొద్దు.

ముందుగా ఆ చుక్కల రంగు కొంచెం మెడ వెనకో చెవి వెనకో పెట్టించుకుని కొన్ని రోజులు ఆగు. "అక్కర్లేదు సార్, ఎన్నో చేశాం" అన్నాడంటే లేచి వచ్చెయ్. అచ్చం నాలాగే మాట్లాడుతున్నాడన్నమాట.

సూది సంగతి. నేను నేర్చుకునే రోజుల్లో అందరికీ ఒకటే కత్తి. ఎయిడ్స్ భయం ఊళ్ళల్లోకి వచ్చాక బ్లేడు విరిచి సగం ముక్క పెట్టుకునే పిడులు వచ్చాయి. కస్టమర్లు "కొత్త బ్లేడేనా?" అని అడిగితే మొదట్లో నాకు రోషం వచ్చేది. తర్వాత అడగకముందే వాళ్ళ ఎదురుగా కాగితం విప్పి చూపించడం మొదలుపెట్టాను. నువ్వూ అడుగు. సూది కవరు నీ కళ్ళ ముందు చింపాలి, రంగు చిన్న గిన్నెలో నీ ఒక్కడికే పోయాలి, మిగిలింది పారబోయాలి. ఎయిడ్సే కాదు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి కూడా ఇలాంటి సూదుల్లోంచి రావచ్చు. ఇంకో మాట, నువ్వు రక్తం ఇస్తుంటావు కదా, ఈ పని చేయించుకున్నాక ఏడాది పాటు ఇవ్వకూడదు. వాళ్ళు అడక్కపోయినా నువ్వే చెప్పాలి.

మీ నానమ్మ చేతి మీద తేలు పచ్చబొట్టు గుర్తుందా? నీకు గుర్తుండే తేలు ఒక పచ్చటి మరక. నా చిన్నప్పుడు దానికి కొండి ఉండేది, కాళ్ళు లెక్కపెట్టేవాణ్ణి. దీపం మసి, ఏదో ఆకు పసరు, మూడు సూదులు కలిపి కట్టిన కట్ట. పోయేటప్పుడు వెంట వచ్చే నగ ఇదొక్కటేరా అనేది. ఆవిడ పోయే నాటికి తేలు కాస్తా అలుక్కుపోయి పచ్చబడింది. సూది లోతుకి దిగితే రంగు పాకుతుంది, నల్లది నీలంగానో పచ్చగానో కనపడుతుంది. మామూలు టాటూ సిరా, మామూలు టాటూ చేయి ఈ పనికి పనికిరావు. పైపొర దాటి కొంచెం కిందికి, అంతే. అలా పెట్టిన చుక్కలు నాలుగైదేళ్ళలో వెలిసిపోతాయి, మళ్ళీ దిద్దించుకోవాలి. అది లోపం కాదు, మంచిదే. నలభై ఐదేళ్ళకి నీ గడ్డం నెరిసినప్పుడు తల కాటుకలా ఉంటే బాగుంటుందా? ఇప్పుడే ఒక ఛాయ తక్కువ పెట్టించుకో. నల్లగా చేయడం ఎప్పుడైనా కుదురుతుంది, తీయాలంటే లేజరే. కొత్తగా చేసినవాళ్ళ ఫోటోలు చూసి మురిసిపోకు. రెండు మూడేళ్ళ కింద చేయించుకున్నవాళ్ళ తలలు చూపించమను, వీలైతే ఎండలో చూడు.

అన్నిటికంటే ఎక్కువమంది పాడుచేసుకునేది నుదుటి గీత. పద్దెనిమిదేళ్ళప్పటి ఫోటో తీసుకెళ్ళి ఇక్కడి దాకా కావాలంటారు. కనుబొమ్మల మధ్య నుంచి నాలుగు వేళ్ళ పైన మొదలవ్వాలి, అంతకంటే కిందికి దించకు. కణతల దగ్గర కాస్త లోపలికి పోనివ్వు. మగవాడి తల అలాగే ఉంటుంది. గీత స్కేలు పెట్టి కొట్టినట్టు ఉండకూడదు, అంచు చెదిరినట్టు ఉండాలి.

తర్వాతి జాగ్రత్తలు నీకు వాళ్ళే కాగితం ఇస్తారు: కొన్ని రోజులు తల తడపకు, చెమట పట్టనివ్వకు, ఈతకి పోకు, ఎండకి టోపీ. కాగితంలో ఉండనివి నేను చెప్తాను. మీ అమ్మ ఆదివారం నూనె గిన్నె పట్టుకుని వస్తుంది, వద్దని ముందే చెప్పు. హెల్మెట్ లోపలి స్పాంజి పొక్కుల్ని రుద్దేస్తుంది. అలాగని హెల్మెట్ లేకుండా బండెక్కితే నేనే వచ్చి కొడతాను. ఆ వారం బస్సులో పో. ఇంకొకటి, మీ అమ్మ నీ ఉద్యోగానికి తిరుమల మొక్కు మొక్కింది, ఇంకా తీరలేదు. ముందు ఆ గుండు ఇచ్చేసి రా. కల్యాణకట్టలో మనవాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళే, కానీ పచ్చి చుక్కల మీద బ్లేడు బ్లేడే.

ఇది చేయించుకున్నాక జుట్టు పెంచే మాట మర్చిపో. రెండు మూడు రోజులకోసారి జీరో మిషన్ పెట్టుకోవాలి, లేకపోతే పక్కల జుట్టు లేచి మధ్యలో చుక్కలు చదునుగా తెలిసిపోతాయి. ట్యూబులైటు కింద నెత్తి మెరుస్తుంది, మెరుపు తగ్గించే లోషన్ దొరుకుతుంది.

నువ్వు చేసుకోబోయే అమ్మాయికి చెప్పావా? మీ నాన్నని అడిగితే నీళ్ళు నమిలాడు. ఇంకా చెప్పకపోతే ఈ ఆదివారం చెప్పు. పెళ్లయిన మర్నాడు దిండు మీద పక్కనే పడుకుని చూస్తే చుక్కలేవో వెంట్రుకలేవో ఏ ఆడపిల్లకైనా తెలిసిపోతుంది. బట్టతల అని వద్దనదు, దాచావని బాధపడుతుంది. ఫోటోలో నిన్ను చూసే ఒప్పుకుంది కదా, ఆ ఫోటోలో నీ నుదురు ఎంతుందో మాకందరికీ కనపడుతూనే ఉంది.

అడ్వాన్సు కట్టకముందు ఒకసారి ఇక్కడికి రా. మంగళవారం రా, షాపు సెలవు, ఎవరూ ఉండరు. తాత కుర్చీ మెడ పట్టు తిరగదు కానీ ఇంకా గట్టిగానే ఉంది. మీ పెద్దమ్మ కాటుక పెన్సిలుతో నీ తల మీద గీత గీసి అద్దంలో చూపిస్తాను. నచ్చకపోతే కొబ్బరినూనెతో తుడిచేద్దాం, మళ్ళీ గీద్దాం. నచ్చినప్పుడు ఫోటో తీసుకుని ఆ చుక్కలు పెట్టేవాడికి చూపించు. పొద్దున్న రైలుకే బయల్దేరు, పులస దొరికితే మీ పెద్దమ్మ పులుసు పెడుతుంది, దొరక్కపోతే రొయ్యలు.

ఇట్లు,
మీ పెదనాన్న