నైట్‌హాల్ట్ ఎక్కడ చేయాలి?

ప్రశ్న: పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు తీయించి, మంచాలు, చిన్న గ్యాస్ పొయ్యి పెట్టించుకున్నాం. సంక్రాంతి సెలవుల్లో శ్రీశైలం వెళ్లి, నాలుగు రోజులు అటువైపే తిరగాలని ఉంది. మా అత్తగారు, ఇద్దరు పిల్లలు కూడా వస్తున్నారు. రోజూ లాడ్జికి డబ్బు పెట్టలేం. రాత్రిళ్లు వ్యాన్ ఎక్కడ ఆపుకుంటే టెన్షన్ లేకుండా పడుకోవచ్చు?
– ఒక పాఠకురాలు, అల్వాల్

జవాబు: అమ్మా, నేను ఆర్టీసీలో 26 ఏళ్లు బస్సు నడిపాను. అందులో సగం నైట్‌హాల్ట్ డ్యూటీలే. ఆఖరి ట్రిప్పుతో ఊరు చేరి, బస్సులోనే పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తీయాలి. కండక్టర్ తలకింద ఆ రోజు కలెక్షన్ సంచి ఉండేది. అయినా హాయిగా నిద్రపట్టేది. పంచాయతీ ఆఫీసు ముందో, రామాలయం పక్కనో లైటు కింద ఆపేవాళ్లం, మేం అక్కడున్నామని ఊరందరికీ తెలుసు. ఒక ఊళ్లో పెద్దమ్మ ఒకావిడ నాలుగున్నరకల్లా స్టీలు గ్లాసుతో కిటికీ మీద టకటకా కొట్టి టీ ఇచ్చేది. మీరూ అలాంటి చోటే చూసుకోండి. మీరు పడుకున్నారని మేలుకుని ఉన్న మనిషి ఒకరికి తెలియాలి.

రిటైరయ్యాక మా ఆవిడతో మొదటిసారి వ్యాన్‌లో వెళ్లినప్పుడు ఈ మాట నేనే మరిచిపోయాను. విజయవాడ రోడ్డులో సూర్యాపేట దాటాక ఖాళీ వెంచర్ ఒకటి కనిపించింది. ప్రశాంతంగా ఉంది కదా అని లోపల ఆపాను. రాత్రి ఒంటిగంటకు ఎవరో ఇద్దరు టార్చి వేసి డోరు లాగారు. స్టార్ట్ చేసి బయటపడ్డాం కానీ, మా ఆవిడ చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. తర్వాత పెట్రోల్ బంకులో ఆగి సంగతి చెబితే, అక్కడి కుర్రాడు బండి నంబరు పుస్తకంలో రాసుకుని, "ఆఫీసు గది పక్కన పెట్టుకోండి పెద్దాయనా, నేను పొద్దున దాకా ఉంటా" అన్నాడు. ఆ మాటకే సగం ధైర్యం వచ్చింది.

అందుకని నా మొదటి ఓటు రాత్రంతా నడిచే బంకుకే. లైట్లు, కెమెరాలు, నీళ్లు, బాత్రూం అన్నీ ఉంటాయి. చీకటి పడకముందే వెళ్లి, డీజిల్ కొట్టించి, అప్పుడు అడగండి. వద్దంటే మారుమాట్లాడకుండా ముందుకెళ్లండి. ట్యాంకర్ వచ్చి డీజిల్ దించే చోటుకు దూరంగా, బండి ముఖం రోడ్డువైపు ఉండేలా పెట్టుకోండి. అక్కడ పొయ్యి మాత్రం వెలిగించొద్దు, అన్నం ముందే వండుకోండి. బంకు కుదరకపోతే పది లారీలు ఆగి ఉన్న ధాబా చూడండి. భోజనం అక్కడే చేసి ఓనరును అడిగితే చాలావరకు కాదనరు. వాచ్‌మన్ ఉంటే పొద్దున వంద రూపాయలు చేతిలో పెట్టండి.

ఔటర్ రింగ్ రోడ్డు మీద గానీ, హైవే అంచున గానీ కునుకు కోసం కూడా ఆపొద్దు. వెనక నుంచి వచ్చే లారీకి ఆగి ఉన్న బండి చివరి క్షణం దాకా కనపడదు.

శ్రీశైలం దారిలో ఇంకో సంగతి. మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్ట్ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అవతల అంతా పులుల అడవి, మధ్యలో ఆగి పడుకునే వీలు లేదు. మధ్యాహ్నమే బయల్దేరి పొద్దుండగానే అడవి దాటండి. ఆలస్యమైతే కల్వకుర్తిలోనే బంకు చూసుకుని ఆగిపోండి. సంక్రాంతికి శ్రీశైలంలో బ్రహ్మోత్సవాలు, జనం బాగా ఉంటారు. అక్కడ మాత్రం ఏదైనా సత్రంలో ముందే ఒక్క గది మాట్లాడుకుని, వ్యాన్ ఆవరణలో పెట్టుకోవచ్చా అని అడగండి. అత్తగారికి మంచం, అందరికీ స్నానాలు కుదురుతాయి. ఆ ఖర్చుకు వెనకాడకండి.

చలికి కిటికీలన్నీ బిగించేస్తారేమో, ఆ పని చేయొద్దు. రెండువైపులా రెండు వేళ్ల సందు వదలండి. పడుకునేముందు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయండి. లీకైన గ్యాస్ బరువుగా కిందికి దిగి, పిల్లలు పడుకునే కింది మంచం దగ్గరే పేరుకుంటుంది. వెచ్చదనం కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి అసలు పడుకోవద్దు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అత్తగారికి డోరు లోపలి నుంచి ఎలా తీయాలో బయల్దేరే ముందే చూపించి, ఆవిడ చేత రెండుసార్లు తీయించండి.